దొంగల భాషయా? తల్లిభాషయా?

ప్రతి వృత్తికిని తనదైన మాటల మూట యొకటి యుండును. పడవ నడుపు సరంగు మాటలు సాలెవానికి తెలియవు; సాలెవాని మగ్గము మాటలు కంసాలికి తెలియవు. ఇందులో రహస్యమేమియు లేదు. పనితోపాటు మాట పుట్టినది, అంతే. కాని ప్రక్కన నిలిచిన మూడవవానికి తెలియగూడదను తలంపుతోనే పుట్టిన మాటలు వేరుగా నున్నవి. వానిని గూఢభాష లందురు. ఆ గూఢభాషలలో లోకమునకు ఎక్కువ కుతూహలము కలిగించినది దొంగల భాష.

ఏది నిజముగా దొంగల భాష, ఏది కాదు అను విచారణ పండితుల వినోదము మాత్రమే కాదు. ఒక జాతి తన యింట మాటలాడుకొను భాషను వీధిలోనివారు దొంగల సంకేతమని తలచినచో ఏమగునో నెల్లూరు సీమ చరిత్రలో కనబడుచున్నది. ఆ కథ చెప్పుటకు ముందు, గూఢభాష యనగా నేమో కొంత తెలిసికొనుట మంచిది.

గూఢభాష కల్పించుట కష్టమైన పని కాదు. మన పిల్లలు ‘క’ భాష మాటలాడుట అందరును వినియే యుందురు. ప్రతి అక్షరమునకు ముందు ఒక ‘క’ చేర్చిన చాలును. ‘నీరు’ అనునది ‘కనీకరు’ అగును. అలవాటుపడిన పిల్లలు ఇంటిలోని పెద్దలు తెల్లబోవునట్లు వడివడిగా మాటలాడుదురు. పశువుల సంతలో బేరగాండ్రకు నోటితో పనియే లేదు. ఇద్దరి చేతులపైన తువాలు కప్పి, దాని చాటున వ్రేళ్ళు పట్టుకొని ధర తేల్చుకొందురు. చుట్టును నిలిచిన నలుగురికి ఆ ధర తెలియదు.

పెద్దల గ్రంథములలోను ఇట్టివి కలవు. వారణావతమునకు బయలుదేరిన ధర్మరాజునకు లక్కయింటి అపాయమును విదురుడు ఇతరులకు బోధపడని మాటలతో హెచ్చరించినట్లు మహాభారతము చెప్పుచున్నది. ఆ మాటలు విన్న కుంతీదేవికే అర్థము కాలేదు; తరువాత కుమారుని అడిగి తెలిసికొన్నది. వాత్స్యాయనుడు అరువదినాలుగు కళలను లెక్కించుచు, మాటను మరుగుపరచి చెప్పెడి నేర్పును వానిలో చేర్చెను. కౌటిల్యుడు గూఢచారులకు సంకేతలిపి విధించెను. కనుక మాటను దాచుట నేరము కాదు. పిల్లలు ఆటకు, వర్తకులు లాభమునకు, విదురుడు ప్రాణరక్షణకు దాచిరి.

మరి దొంగలు? వారి కళకు మన సాహిత్యములో పెద్దపీటయే వేయబడినది. శూద్రకుని ‘మృచ్ఛకటికము’లో శర్విలకుడు గోడకు కన్నము వేయబోవుచు, కన్నములు ఎన్ని ఆకారములలో నుండునో శాస్త్రము వల్లించినట్లు వల్లించును. విచ్చిన తామర, సూర్యబింబము, నెలవంక, దిగుడుబావి, స్వస్తికము, పూర్ణకుంభము ఇత్యాదిగా ఏడు రకములు. దండి ‘దశకుమారచరితము’లో అపహారవర్మ చోరశాస్త్ర మెరిగిన రాజకుమారుడు. అతని పనిముట్లలో మనిషి తలవంటి బొమ్మ యొకటి, దీపము లార్పుటకు పురుగులను దాచిన పెట్టె యొకటి. ఈ దశకుమారచరితమును 13వ శతాబ్దములో తెనుగు చేసి తిక్కనసోమయాజికి అంకితమిచ్చిన కేతన నెల్లూరి కవిలోకమునకు చెందినవాడే. దొంగ కథలను మహాకవికి అంకితమిచ్చుటకు ఆనాడెవరును సంకోచింపలేదు.

ఒక సంగతి గమనింపదగియున్నది. ఆ నాటకములోను, ఆ కథలోను దొంగతనము ఒక విద్య. శర్విలకుడు బ్రాహ్మణుడు; అపహారవర్మ రాజకుమారుడు. ఆ విద్యను ఎవడు నేర్చిన వాడు దొంగ. పుట్టుకతోనే దొంగయగు జాతి యొకటి యున్నదనిగాని, ఆ జాతికి వేరొక భాష యున్నదనిగాని ఆ కవులు చెప్పలేదు. పుట్టుకకును దొంగతనమునకును ముడిపెట్టి శాసనము చేయుట ఆధునిక కాలపు పని.

ఈ ముడి ఐరోపాలో ఎట్లు పడినదో చూడుడు. 1510 ప్రాంతమున జర్మను దేశములో బిచ్చగాండ్ర మోసములను వర్ణించు చిన్న పుస్తకమొకటి అచ్చయినది. దాని చివర వారి గూఢపదముల పట్టిక కలదు. మతసంస్కర్త మార్టిన్ లూథరు 1528లో దానికి తన పీఠిక చేర్చి వెలువరించెను. ఆ పదములలో హీబ్రూ మాటలు కొన్ని యుండుట చూచి, ఆ భాష యూదులనుండి వచ్చినదని ఆయన వ్రాసెను. ఇంగ్లండులో థామస్ హార్మను అను గృహస్థు 1567 నాటికి దేశదిమ్మరులనుగూర్చి ఇట్టి పుస్తకమే ప్రకటించి, చివర వారి మాటలకు అర్థములు కూర్చెను. ఇట్టి పుస్తకములు విరివిగా అమ్ముడుపోయినవి. దొంగల భాషను చదువుట మర్యాదస్థుల యింట ఒక వేడుకయైనది.

ఆ దేశములలోనే రోమా జాతివారు ఊరూరు తిరిగి లోహపు పనులు, గుఱ్ఱముల బేరము, జోస్యము చేసికొని బ్రతుకుచుండిరి. వారు ఈజిప్టునుండి వచ్చిరని జనులు భ్రమించిరి. 1530లో ఇంగ్లండు వారిని దేశమునుండి వెడలగొట్టుటకు శాసనము చేసినది. వారు మాటలాడు భాష ఒక భాషయే కాదనియు, మోసము చేయుటకు కల్పించుకొన్న సంకేతమనియు చాలమంది నమ్మిరి. 1782లో రూడిగర్ అను జర్మను పండితుడు ఆ మాటలను హిందూస్థానీతో పోల్చి, అది మన దేశమున పుట్టిన భాషయే యని చూపెను. మరుసటి సంవత్సరము గ్రెల్మన్ అను మరియొక పండితుడు ఆ సంగతిని పెద్ద గ్రంథముగా ప్రకటించెను. దొంగల సంకేతమనుకొన్నది సంస్కృతమునకు దూరపు చుట్టమైన ఒక ఇంటి భాషయని తేలినది. కాని అంతకు ముందు రెండు వందల యేండ్లకు పైగా ఆ భాష మాటలాడిన తల్లులు, బిడ్డలు అనుమానమునకు గురియైరి.

ఈ చరిత్ర యంతయు తెలిసిన ఐరోపావారే మన దేశమును పాలింప వచ్చిరి. 1836లో స్లీమన్ అను అధికారి కలకత్తాలో ‘రామసీయానా’ అను నిఘంటువును ప్రకటించెను. బాటసారులను నమ్మించి చంపెడి థగ్గులు తమలో మాటలాడుకొను ‘రామసి’ భాషలోని పదము లవి యని ఆయన చెప్పెను. అందులో నిజమైన సంకేతభాష లక్షణములు కనబడుచున్నవి. ‘బనిజ్’ అనగా లోకమునకు వర్తకపు సరకు. వారికి చేజిక్కిన బాటసారి. ‘పొగాకు తెండు’ అని నాయకుడు అనుట లోకమునకు సామాన్యమైన మాట. వారికి చంపుమను ఆజ్ఞ. వాక్యము లోకుల వాక్యమే, వ్యాకరణము హిందూస్థానీయే. అర్థము మాత్రమే మారినది. థగ్గుల సంఖ్యను, కట్టుబాట్లను స్లీమన్ ఎక్కువచేసి చెప్పెనని నేటి చరిత్రకారులు కొందరు వాదింతురు. ఎట్లైనను ఆ పుస్తకము, నైజాము కొలువులో పనిచేసిన మెడోస్ టెయిలర్ 1839లో వ్రాసిన థగ్గు నవల, ఈ రెండును పాలకుల మనస్సులలో ఒక చిత్రమును గట్టిగా నిలిపినవి. ఈ దేశమున దొంగలు కులములుగా నుందురు. వారికి వేరు భాష యుండును. ఆ భాష పట్టుబడిన దొంగ పట్టుబడును. ఇది ఆ చిత్రము.

ఆ 1836లోనే థగ్గు ముఠాలో చేరినవాడని రుజువైన చాలును, ఏ హత్య చేసెనో చూపనక్కరలేదు, యావజ్జీవ శిక్ష విధింపవచ్చునను చట్టము వచ్చినది. 1871లో ఇంకొక అడుగు ముందుకు పడినది. ఆ సంవత్సరపు 27వ చట్టము క్రిమినల్ ట్రైబ్సు ఆక్టు. ఏదేని తెగను, ముఠాను, వర్గమును ప్రభుత్వము నేరస్థజాతిగా ప్రకటింపవచ్చును. ఆ ప్రకటన సరియైనదా యని ఏ న్యాయస్థానమును ప్రశ్నింపరాదు. వడ్రంగి కొడుకు వడ్రంగి, కమ్మరి కొడుకు కమ్మరి యైనట్లు దొంగ కొడుకు దొంగయే యగునను తర్కము దాని వెనుక నున్నది. మొదట ఉత్తరదేశమున అమలైన ఈ పద్ధతిని 1911 చట్టము మద్రాసు రాజధానికిని విస్తరింపజేసినది.

ఇప్పుడు నెల్లూరు తీరమునకు వత్తము. వెంకటాచలము చుట్టుప్రక్కల నిలిచి చూచినచో తూర్పున సముద్రతీరపు ఉప్పునేలలు, పడమట వెలికొండలు, కొండల కావల కడప సీమ. తీరమున ఉప్పు పుష్కలము; మెట్టసీమలో ఉప్పు లేదు. కొండ కీవల దొరకనిది ఆవల దొరకును. ఆవల దొరకనిది ఈవల దొరకును. బండ్లబాటలు లేని కాలమున ఈ సరకును మోసినవారిలో ఎరుకలవారు ముఖ్యులు. ఎద్దులపైన, గాడిదలపైన కంట్లములు వేసి ఉప్పును లోపలి గ్రామములకు చేర్చి, ధాన్యమును, వెదురును మార్చుకొని తెచ్చుచుండిరి. వారిలో ఒక శాఖకు ‘ఉప్పు ఎరుకల’ యనియే పేరు. ‘కరివేపాకు ఎరుకల’వారు కరివేపాకు అమ్మిరి. ‘దబ్బ ఎరుకల’వారు వెదురుదబ్బలతో బుట్టలు, తట్టలు అల్లిరి. ‘కుంచె ఎరుకల’వారు సాలెవారికి కావలసిన కుంచెలు కట్టిరి. స్త్రీలు ఎరుక చెప్పిరి.

ఎరుక యనగా తెలివి, జ్ఞానము. వారి జాతినామమును ఈ మాటతో ముడిపెట్టి చెప్పుట మనలో వాడుక. శ్రీనివాసుడు పద్మావతిని వరించిన కథలో స్వామి స్వయముగా ఎరుకలసాని వేషము ధరించి ఆకాశరాజు నగరికి వెళ్ళి సోది చెప్పెనని మన ఇండ్లలో పెద్దలు చెప్పుదురు. మన యక్షగానములలో, కొరవంజులలో బుట్ట చంకనిడుకొని ఎరుకలసాని రంగమునకు రాగానే ప్రేక్షకులు సంతోషింతురు. మన సంప్రదాయమున ఆమె వాకిట నిలిచిన శుభము చెప్పు స్త్రీ.

అట్టివారి బ్రతుకుదెరువు పందొమ్మిదవ శతాబ్దములో ఒక్కొక్కటిగా తెగిపోయినది. 1805లో మద్రాసు ప్రభుత్వము ఉప్పుపై గుత్తాధికారము స్థాపించెను. అప్పటినుండి ఉప్పు సర్కారు కొఠారు సరకైనది. ధర సర్కారు నిర్ణయించినది. మద్రాసునుండి కడప మీదుగా సాగిన రైలుదారి 1871 నాటికి రాయచూరు చేరి బొంబాయి దారితో కలిసినది. ఎద్దు నెలలో మోసెడి సరకు రైలు రోజులో మోసినది. 1876 నుండి 1878 వరకు మహాక్షామము దక్షిణదేశమును పీడించినది. మోతపశువులు చచ్చినవి; కొనువారి చేత గింజ లేదు. ఆ క్షామపు కూలిపనితోనే తీరము వెంబడి కాలువలను కలిపి బకింగ్‌హాము కాలువ యని పేరుపెట్టిరి. తీరపు సరకు పడవల కెక్కినది. 1882 మద్రాసు అటవీచట్టముతో వెదురు నరకుటయు, అడవిలో పశువులను మేపుటయు సర్కారు అనుమతికి లోబడినవి. 1899లో గూడూరు, నెల్లూరుల మీదుగా మద్రాసునకును బెజవాడకును రైలు కలిసినది. వెంకటాచలము స్టేషను ఆ దారిలోనిదే.

ఉప్పు పోయినది, వెదురు పోయినది, ఎద్దు చచ్చినది. తిరుగుట మాత్రము మిగిలినది. స్థిరమైన యిల్లు లేక, కనబడు వృత్తి లేక తిరుగువాడు పోలీసుల కంటికి అనుమానాస్పదుడు. అట్టివారిలో కొందరు దొంగతనమునకు దిగలేదని చెప్పుట సత్యము కాదు. ఆకలిగొన్న ఏ జాతిలోనైనను కొందరు దిగుదురు. కాని కొందరి నేరమును అందరి పుట్టుకగా వ్రాసికొనుట వేరు సంగతి. అట్లు వ్రాసికొనుటకు తోడ్పడిన ఆధారములలో వారి భాషయు నొకటి.

మద్రాసు పోలీసు అధికారి మల్లాలీ 1892లో రాజధానిలోని నేరస్థవర్గములనుగూర్చి గ్రంథము వ్రాసెను. రైల్వే పోలీసు శాఖలో పనిచేసిన పాపారావునాయుడు 1900లో రైలుదొంగలనుగూర్చియు, 1905లో కొరవ, ఎరుకల, కైకాడి జాతులనుగూర్చియు పుస్తకములు ప్రకటించెను. ఠాణాలోని ఉద్యోగికి ఉపయోగపడుటకు వ్రాసిన పుస్తకములివి. దొంగ యెట్లు కన్నము వేయును, ఏ పనిముట్టు వాడును, ఏ మాట ఆడును అను విషయములు ఒకే వరుసలో నిలుచును. కన్నపుకోల ప్రక్కన భాష చేరినచో భాషయు ఒక పనిముట్టుగానే కనబడుట సహజము.

నిజముగా ఆ భాష యేది? ఎరుకలవారు తమను ‘కుర్రు’ అని చెప్పుకొందురు. తమ మాటను కుర్రుబాస యందురు. గ్రియర్సన్ పండితుడు నడిపిన భారతదేశ భాషాపరిశీలనలో ముండా, ద్రావిడభాషలకు కేటాయించిన నాల్గవ సంపుటము 1906లో వెలువడినది. అందులో కొరవ, ఎరుకల భాషను తమిళముతో చేర్చి వర్ణించిరి. అనగా అది ద్రావిడకుటుంబపు భాష, తమిళమునకు దగ్గరి చుట్టము. తెలుగుదేశమున తరతరములుగా తిరుగుటచే తెలుగుమాటలు దండిగా కలిసినవి. నెల్లూరు గ్రామపు మునసబునకు ఆ మాటలు బోధపడకపోవచ్చును. తంజావూరు రైతు కొంత శ్రద్ధతో విన్నచో అందులో తన యింటి మాటల పోలికలు పట్టగలడు. దక్షిణమునకు కొన్ని వందల మైళ్ళు నడిచినచో విడిపోవు రహస్య మిది!

అదే గ్రియర్సన్ 1922లో సంచారజాతుల భాషలకు ప్రత్యేకముగా పదునొకండవ సంపుటమును వెలువరించెను. వానిలో కొన్ని నిజముగా కృత్రిమ సంకేతములే యని ఆయన చూపెను. ఉన్న మాటకే ముందొక అక్షరము తగిలించుట, మొదటి హల్లును మార్చుట, చివర ఒక తోక చేర్చుట వాని పద్ధతి. ఇది మన పిల్లల ‘క’ భాష పద్ధతియే.

ఈ రెండు సంపుటములను ప్రక్కప్రక్కన నుంచిన మనకొక కొలబద్ద చేతికి వచ్చును. సంకేతభాషకు సొంత వ్యాకరణ ముండదు. ఊరి భాష భుజములపై నెక్కి అది తిరుగును. దాని పదములు కొద్ది. పోలీసు, డబ్బు, తాళము, పారిపొమ్ము, వాడు వచ్చుచున్నాడు. అక్కరకు మించిన మాట దానిలో పుట్టదు. పసిబిడ్డ దానిని తల్లి ఒడిలో నేర్వదు. పెద్దవాడై వృత్తిలో చేరిన తరువాత నేర్చును. తల్లిభాష అట్లు కాదు. దానిలో మేనమామ యుండును, మేనత్త యుండును. వాన యుండును, వెన్నెల యుండును. బిడ్డను నిద్రపుచ్చు మాట యుండును, చచ్చినవారికొఱకు ఏడ్చు మాట యుండును. ఈ కొలతకు కుర్రుబాస తల్లిభాషగా నిలుచును. ఆ భాష మాటలాడువారు అవసరమైనప్పుడు దాని చాటున రహస్యము చెప్పుకొనియు నుండవచ్చును. పరదేశములో ఇద్దరు తెలుగువారు అంగడిలో ధర ఎక్కువయని తెలుగులో అనుకొనరా? అంతమాత్రమున తెలుగు దొంగల భాష కాలేదు.

కాని పదముల పట్టిక తయారుచేయు పోలీసు ఉద్యోగికి జోలపాటతో పనిలేదు. అతనికి కావలసినవి తాళము, డబ్బు, పారిపొమ్ము అను మాటలే. అవి యే భాషలోనైనను దొరకును. వానినే ఏరి అచ్చువేసిన యే భాషయైనను దొంగల భాషగా కనబడును. మన తెలుగు నిఘంటువునుండి ఆ నలువది మాటలే ఏరి పరదేశికి చూపినచో అతడు మననుగూర్చి ఏమనుకొనును?

1911 చట్టము క్రింద పేరు నమోదైనవాడు వ్రేలిముద్రలు ఈయవలెను; అధికారి యెదుట హాజరు పలుకవలెను; ఊరు దాటవలెనన్న అనుమతి కావలెను. తెగలను ఒకచోట కట్టడి చేయు సెటిల్మెంట్లు వెలసినవి. బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీవారి నిర్వహణలో వెలసిన దానికి మద్రాసు గవర్నరు కౌన్సిలు సభ్యుడైన హెరాల్డ్ స్టువర్టు పేర స్టువర్టుపురమను పేరు వచ్చినది. నెల్లూరు జిల్లాలో కావలియొద్ద అమెరికను బాప్టిస్టు మిషనువారు బాడెన్ దొర ఆధ్వర్యమున సెటిల్మెంటు నడపిరి. ఇవి రెండును 1910ల దశకమున వెలసినవే. అక్కడ పని చూపిరి, బడి పెట్టిరి, వైద్యము చేసిరి. ఆ మేలును కాదనరాదు. కాని తలుపు లోపలినుండి తెరచుకొనునది కాదు. అక్కడ పుట్టిన బిడ్డ ఏ నేరమును చేయకమునుపే నేరస్థజాతి బిడ్డ.

ఆ బిడ్డ తల్లి స్థితిని ఊహింపుడు. తన భాషలో గట్టిగా పిలిచిన, కాపలావాడు తలయెత్తి చూచును. ఇంటి మాట బయట వినబడిన అనుమానము. మానిన, తన తల్లి యిచ్చినది తనతోనే ఆగిపోవును. భాషలు చచ్చుటకు నిషేధశాసన మక్కరలేదు. సిగ్గు చాలును, భయము చాలును.

ఈ చట్టమునకు వ్యతిరేకముగా పనిచేసినవారిలో నెల్లూరు జిల్లావారైన వెన్నెలకంటి రాఘవయ్యగారిని తప్పక స్మరింపవలెను. స్వాతంత్ర్యయోధులు, యానాదుల సేవకు జీవితమును ధారపోసినవారు. సంచారజాతులనుగూర్చి గ్రంథములు వ్రాసిరి. 1973లో వారికి పద్మభూషణ్ బిరుదము లభించినది. మద్రాసు రాష్ట్రము 1947లోనే క్రిమినల్ ట్రైబ్సు చట్టమును రద్దుచేసినది. దేశమంతటను అది 1952 ఆగస్టు 31న తొలగినది. నేటికిని ఆ దినమును విముక్తదినముగా ఆ జాతులవారు జరుపుకొనుచున్నారు. ఎరుకలవారు నేడు రాజ్యాంగరీత్యా షెడ్యూల్డు తెగగా గుర్తింపు పొందియున్నారు. 1970ల దశకమున, కవి జాషువాగారి కుమార్తె హేమలతా లవణంగారు స్టువర్టుపురమున సంస్కరణ కార్యమునకు పూనుకొని అచటి కుటుంబములతో కలిసి పనిచేసిరి. అయినను పేరు వెంటాడుట మానలేదు. 1991లో ఆ గ్రామము పేరిట ఒక చలనచిత్రమే వచ్చినది. పేరు వినగానే జనులకు దొంగలే జ్ఞప్తికి వత్తురను ధీమాతో గదా అట్లు పేరు పెట్టుట!

దొంగల భాష నేడు ఇంకొకచోట బ్రతికియున్నది. అది ఆటబల్ల. 1974లో అమెరికాలో గారీ గైగాక్సు, డేవ్ ఆర్నెసన్ అనువారు ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అను ఆటను వెలువరించిరి. నలుగురైదుగురు బల్ల చుట్టును కూర్చుండి, ఒక్కొక్కరు ఒక కల్పితపాత్రను ధరించి, పాచికలు వేయుచు కథ నడుపుదురు. మన వీధినాటకమును కూర్చుండి మాటలతో ఆడినట్లుండును. 1975లో ఆ ఆటలో దొంగ యను పాత్రవర్గము చేరినది. 1978 నాటి నియమగ్రంథములో దొంగలందరికిని ఒక గూఢభాష తెలిసియుండునని చేర్చిరి. 2014 నాటి కూర్పులోను ఆ నియమము నిలిచినది. మామూలు మాటల నడుమ రహస్యము పొదిగి చెప్పుటకు తిన్నగా చెప్పుటకంటె నాలుగురెట్లు కాలము పట్టునని అందులో లెక్క కట్టిరి. మన దేశపు నగరములలోను యువకులు ఈ ఆట ఆడుచున్నారు.

ఆ ఆటలో చెడ్డ లేదు. హార్మను నాటినుండి వచ్చుచున్న పాతవేడుక పాచికలతో కొత్తరూపు దాల్చినది. కాని దాని నియమమును ఒకమారు నిదానముగా చూడుడు. దొంగ యనువాడొక వర్గము. ఆ వర్గమున చేరిన మరుక్షణము వానికి ఆ భాష వచ్చును. ఏ దేశమువాడైనను, మంచివాడైనను చెడ్డవాడైనను, దొంగకు దొంగ మాట తెలియును. ఆటబల్లపై ఇది చమత్కారము. 1871 చట్టము ఊహించిన లోకమును ఇదియే. భేద మొక్కటి. ఆటగాడు తన పాత్రను తానే యెన్నుకొనును. ఆట ముగిసిన పిమ్మట లేచి యింటికి పోవును. కావలి సెటిల్మెంటులో పుట్టిన బిడ్డ తన పాత్రను ఎన్నుకొనలేదు. వాని ఆటను ముగించుటకు చట్టసభ తీర్మానము కావలసివచ్చినది.

2019లో వెంకటాచలమునుండి పడమరగా వెలికొండలను దాటి ఓబులవారిపల్లెకు కొత్త రైలుదారి తెరువబడినది. కొండలో ఆరున్నర కిలోమీటర్లకు మించిన సొరంగము. కృష్ణపట్నము రేవు సరకు ఇప్పుడా దారిన కడప సీమకు పోవుచున్నది. తీరపు సరకు కొండ దాటవలసిన అవసరము నాడెంతయో నేడు నంతయే. ఆ పనిని తొలుత చేసిన జాతులలో ఒకదానిని మనము దొంగలని వ్రాసికొంటిమి.

ఉప్పు మోసిన ఎద్దులు తిరిగి రావు. భాష సంగతి వేరు. అది నేటికిని కొన్ని యిండ్లలో బ్రతికియున్నది. దానికి సొంతలిపి లేకున్నను తెలుగులిపి చాలును. ధ్వనిముద్రణయంత్రము నేడు ప్రతివాని జేబులో నున్నది. ఆ యిండ్లలోని అవ్వలు చెప్పు కథలను, పాడు పాటలను, పిలుచు చుట్టరికములను ఆ జాతి యువకులే వ్రాసి, వినిపించి నిలుపుకొనవచ్చును. బడి పంతుళ్ళు వారికి తోడ్పడవచ్చును. నూటపాతికేండ్ల క్రిందట ఆ భాషకు పదముల పట్టికలు ఠాణాకొఱకు తయారైనవి. ఇక పట్టిక బిడ్డల చదువుకొఱకు తయారగుట న్యాయము. ఇకమీదట మనకు తెలియని మాట బజారులో చెవిని బడినప్పుడు, వారేమి దాచుచున్నారని శంకించుటకు ముందు, అది యే యూరి మాట యని ఆదరముతో అడుగుట నేర్చుకొందము.